ఆక్సిజన్‌తో ఆంత్రసీన్ నుంచి ఆంత్రాక్వినోన్: వెనేడియం-మాలిబ్డినం క్లస్టర్ తయారీ, వాడకం

ఒక ఫాస్ఫరస్ చుట్టూ పది మాలిబ్డినం, రెండు వెనేడియం, నలభై ఆక్సిజన్ పరమాణువులు. ఇలా పరమాణువులు గుంపుగా అల్లుకున్న అణువే ఇక్కడి క్లస్టర్. 1933లో రసాయన శాస్త్రవేత్త కెగ్గిన్ తేల్చిన నిర్మాణమే ఇది. హైడ్రోకార్బన్‌కు (ఇక్కడ ఆంత్రసీన్‌కు) ఆక్సిజన్ అందించి ఆంత్రాక్వినోన్‌గా మార్చేది ఈ క్లస్టరే. అలా పోయిన ఆక్సిజన్‌ను పూడ్చడమే బయటి ఆక్సిజన్ పని. ఘన ఉత్ప్రేరకాల మీదే కాక ద్రావణంలోనూ ఇలాగే జరుగుతుందని ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లోని రోనీ న్యూమన్ బృందం 2001లో ఆధారాలు చూపింది.

తయారీకి 1968 నాటి సిగ్డినోస్, హల్లాడా పద్ధతే ఇప్పటికీ నమ్మకమైనది. దానికి పదో వంతు కొలతలివి. సోడియం మెటావెనడేట్ 2.44 గ్రాములు 10 మి.లీ. మరిగే నీటిలో పూర్తిగా కరిగించండి. నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.71 గ్రాములు 10 మి.లీ. నీటిలో కరిగించి అందులో పోయండి. చల్లారాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 0.5 మి.లీ. వేస్తే ద్రావణం ఎర్రబడుతుంది. ఇప్పుడు సోడియం మాలిబ్డేట్ డైహైడ్రేట్ 12.1 గ్రాములు 20 మి.లీ. నీటిలో కరిగించి కలపండి. బాగా కలియబెడుతూ మరో 8.5 మి.లీ. గాఢ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేయాలి. తొందరపడితే పైకి చిమ్ముతుంది. వెనేడియం కావలసినదానికి రెట్టింపు వేస్తున్నాం కదా అని తగ్గించకండి, ఒక్క వెనేడియమే ఉన్న క్లస్టర్ వాటా పెరుగుతుంది.

ద్రావణం గది ఉష్ణోగ్రతకు పూర్తిగా దిగాకే ఈథర్ ముట్టుకోవాలి. అది 35 డిగ్రీలకే మరుగుతుంది. పేలే గుణమున్న పెరాక్సైడ్లు లేవని పరీక్షించిన డైఇథైల్ ఈథర్ 50 మి.లీ. పోసి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో కుదిపి, మధ్యమధ్య గాలి వదలండి. క్లస్టర్ ఉన్న ముదురు ఎరుపు చిక్కని నూనె ఈ పద్ధతిలో మామూలుగా మధ్య పొరగా నిలుస్తుంది. ఆమ్లపు నీరు అంత బరువుగా లేకపోతే అది అడుగుకూ చేరుతుంది. ఏది ఏ పొరో తేలేదాకా దేన్నీ పారబోయకండి. ఆ నూనె మీదుగా ఫ్యూమ్ హుడ్‌లో గాలి పంపి ఈథర్ పోగొట్టి, మిగిలిన ఘనపదార్థాన్ని 5 మి.లీ. నీటిలో కరిగించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంచిన వాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టాలి. ఎర్రటి స్ఫటికాలు 3.5 గ్రాముల దాకా వస్తే పని బాగా జరిగినట్టే.

ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో ఫాస్ఫరస్ ఇచ్చే సంకేతాలను చూసే పరీక్ష) మైనస్ 3, మైనస్ 4 పీపీఎం మధ్య చాలా శిఖరాలు కనిపిస్తాయి. అన్నీ మలినాలు కావు. రెండు వెనేడియంలు కూర్చునే చోట్లను బట్టి ఐదు ఐసోమర్లు ఉంటాయి.

తూకంలో చాలామంది పొరబడతారు. ఈ క్లస్టర్ స్ఫటికాలు ఆమ్ల రూపంలో ఉంటాయి. నీరు లేని ఆ ఆమ్లం అణుభారం 1737, ముప్పై నీటి అణువులతో 2278. స్ఫటికాలు గాలికి నీరు కోల్పోతూనే ఉంటాయి కాబట్టి ప్రతి బ్యాచ్‌కూ టీజీఏతో (వేడి చేస్తూ బరువు తగ్గుదల చూసే పరికరం) నీటి శాతం కొలిచి తీరాలి.

ఇక చర్య. ఆంత్రసీన్ 0.178 గ్రాములు (1 మిల్లీమోల్), క్లస్టర్ 0.05 మిల్లీమోల్, అసిటోనైట్రైల్ 25 మి.లీ., 60 డిగ్రీలు, ఆక్సిజన్ బెలూన్. ఆంత్రసీన్ అసిటోనైట్రైల్‌లో అంతంతమాత్రంగా కరుగుతుంది, అందుకే ఇంత ద్రావణి. మొత్తం మారడానికి 1.5 మిల్లీమోళ్ల ఆక్సిజన్, అంటే దాదాపు 37 మి.లీ. చాలు.

దీనికి ముందు అదే మిశ్రమాన్ని ఆక్సిజన్ బదులు ఆర్గాన్ వాయువు కింద నడపండి. వెనేడియం క్షయీకరణం చెంది, అంటే ఎలక్ట్రాన్లు తీసుకుని, నారింజ రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఒక్క ఆంత్రాక్వినోన్‌కు ఆరు ఎలక్ట్రాన్లు పోవాలి, ఒక్కో క్లస్టర్ రెండే తీసుకోగలదు. కాబట్టి దిగుబడి 1.7 శాతం దగ్గర ఆగిపోవాలి. అంతకు మించి వచ్చిందంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. ఆక్సిజన్ పెట్టాక నారింజ తిరిగి రాకపోతే ముందు క్షారం కోసం వెతకండి. సరిగా కడగని గాజు సామాను మీద మిగిలిన సోడా చాలు, పీహెచ్ పెరిగి క్లస్టర్ ముక్కలైపోతుంది. అలా విడిపోయిన బ్యాచ్‌కు ఎంత ఆక్సిజన్ పెట్టినా లాభం లేదు. క్లస్టర్ లేకుండా ఒక ఖాళీ పరీక్ష కూడా తప్పనిసరి.