సెమినార్‌లో మాట ఎక్కడ ఆగుతోంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి పీజీలో చేరిన విద్యార్థికి రాతపరీక్షల కంటే ముందే ఎదురయ్యే పరీక్ష పది నిమిషాల సెమినార్. అది చెడిపోతే తోటివారు, ఒక్కోసారి అధ్యాపకులు కూడా ‘స్టేజి ఫియర్’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. భయం ఉన్న మాట నిజమే. అయితే మాట ఏ చోట, ఏ క్షణంలో ఆగిందో గమనిస్తే ఒక్కో తడబాటుకు ఒక్కో కారణం కనిపిస్తుంది, వాటిలో చాలావరకు ధైర్యంతో సంబంధం లేనివే.

సమస్య: విషయం తెలుసు, కానీ ఇంగ్లీషు వాక్యం సగంలో ఆగిపోతుంది

కారణం: తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే రావాలి. వృక్షశాస్త్ర విద్యార్థి ఒకరు ‘నేలలో నత్రజని తగ్గినప్పుడు మొక్కలో ముదురు ఆకులు ముందుగా పసుపుబారుతాయి’ అని మనసులో అనుకుని, అదే వరుసలో ఇంగ్లీషులోకి మార్చబోతే, నేల, నత్రజని, మొక్క, ఆకులు అన్నీ నోట్లోకి వచ్చి, వాటిని కలపవలసిన క్రియ దగ్గర దారి మూసుకుపోతుంది. దీన్ని భాష రాకపోవడం అనుకుని వ్యాకరణ పుస్తకం కొనుక్కునేవారు ఉన్నారు. ఆ పుస్తకం ఈ చిక్కును విప్పదు.

పరిష్కారం: తెలుగు వాక్యాన్ని ముందే రెండుగా విరవాలి. ‘ముదురు ఆకులు పసుపుబారుతాయి’ అనేది ఒకటి, ‘కారణం నత్రజని లోపం’ అనేది మరొకటి. అప్పుడు ‘ఓల్డర్ లీవ్స్ టర్న్ ఎల్లో ఫస్ట్. ద రీజన్ ఈజ్ నైట్రోజన్ డెఫిషియెన్సీ’ అని ఆగకుండా చెప్పవచ్చు. రోజూ నోట్సులోంచి ఐదు పొడుగు వాక్యాలు తీసుకుని ఇలా విరిచి, పైకి వినబడేలా పలకాలి. మనసులో చదువుకోవడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే సాధన కావలసింది నోటికి. పలుకులో తెలుగు యాస వినబడితే దిగులుపడనక్కరలేదు, పారిభాషిక పదాల ఉచ్చారణ మాత్రం నిఘంటువులో విని సరిచేసుకోవాలి.

కోర్సు ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్నా స్థానిక భాషలో పరీక్షలు రాయనివ్వాలని 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) విశ్వవిద్యాలయాలను కోరింది. అది రాతపరీక్షలకు సంబంధించినది. సెమినార్‌లో కొంత భాగం తెలుగులో వివరించవచ్చునా అన్నది సంబంధిత అధ్యాపకులను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

సమస్య: కంఠస్థం చేసినదంతా మధ్యలో మాయమవుతుంది

కారణం: కంఠస్థం చేసిన పాఠం గొలుసు వంటిది. పద్యం చదువుతూ మూడో పాదం దగ్గర ఆగినవారు మళ్ళీ మొదటి పాదం నుంచి అందుకుంటారు గదా, సెమినార్‌లో ఆ వెసులుబాటు లేదు.

పరిష్కారం: మొదటి రెండు వాక్యాలు, ముగింపు వాక్యం మాత్రమే కంఠస్థం చేసి, మిగిలిన దానికి చిన్న కార్డు మీద ఐదారు సూచన పదాలు రాసుకోవాలి. సాధన చేసేటప్పుడు ఒక రోజు నాలుగో స్లైడు నుంచి, మరో రోజు ఏడో స్లైడు నుంచి మొదలుపెట్టాలి.

సమస్య: నోరు ఎండిపోతుంది, చేతిలో కాగితం వణుకుతుంది

ఆందోళన సమయంలో అడ్రినలిన్ పెరగడం వల్ల ఇలా జరుగుతుంది. లేచే ముందు ఊపిరి పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలడం, నీళ్ళు దగ్గర ఉంచుకోవడం, కాగితాన్ని బల్ల మీద పెట్టడం చాలు. పలచని కాగితం వణుకును పెద్దది చేసి చూపుతుంది, అట్ట అయితే అంతగా చూపదు.

సమస్య: స్లైడులో తెలుగు అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి

తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులకు ఇది పాత బాధ. అనూ వంటి ఫాంట్లలో టైపు చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తుంది. మొదటి నుంచే, కంప్యూటర్లన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో టైపు చేయాలి. పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చినట్లయితే వత్తులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి. ఎందుకైనా మంచిది, ఒక పీడీఎఫ్ ప్రతి కూడా వెంట ఉంచుకోవాలి.

సమస్య: శ్రోతలు వినడం మానేసి తెర చదువుకుంటారు

కారణం స్లైడులోనే ఉంది. పేరా పేరా అతికిస్తే ఎవరైనా చదువుతారు, పైగా వక్త కంటే వేగంగా చదువుతారు. ఒక స్లైడుకు ఒక పటమో, ఒక పట్టికో, మూడు నాలుగు పంక్తులో ఉంచాలి. అందరూ తనవైపే చూడవలసిన చోట, పవర్‌పాయింట్ ప్రదర్శన నడుస్తుండగా కీబోర్డు మీద ‘బి’ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది.

సమస్య: ప్రశ్న అడగగానే మౌనం ఆవరిస్తుంది

కారణం: చాలాసార్లు జవాబు తెలియక కాదు, ప్రశ్న పూర్తిగా చెవినపడక. మళ్ళీ అడగమనడం అగౌరవమేమోనన్న సంకోచం దానికి తోడవుతుంది.

పరిష్కారం: ‘మీరు అడుగుతున్నది ఫలానా విషయమేనా అండీ?’ అని ప్రశ్నను సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. దానివల్ల అర్థం ఖాయమవుతుంది, ఆలోచించుకోవడానికి కొన్ని క్షణాలూ దొరుకుతాయి. తెలియకపోతే తెలియదని చెప్పి, ఎక్కడ వెతుకుతారో ఒక వాక్యంలో చెప్పాలి. ప్రశ్న విషయానికి దూరంగా ఉంటే అష్టావధానాన్ని గుర్తుచేసుకోవచ్చు: అప్రస్తుత ప్రసంగానికి అవధాని క్లుప్తంగా, నవ్వుతూ బదులిచ్చి, ఆగిన పద్యాన్ని ఆగిన చోటనే అందుకుంటారు.