నడక వచ్చీరాని పిల్లలతో మన్యం కొండలకు: ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు అరకు, లంబసింగి, వంజంగి వైపు వెళ్దామంటే ఇంట్లో పెద్దవాళ్ళు మొదట అనే మాట, "ఇంత చిన్నపిల్లాడితో కొండలెందుకురా?" అని. నన్నడిగితే తీసుకెళ్ళమనే చెప్తాను. తూర్పు కనుమల్లో మనం తిరిగే చోట్లలో చాలావరకు 1000 మీటర్ల ఎత్తుకు అటూఇటూగా ఉంటాయి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాకే మొదలవుతుంది కాబట్టి ఆ టెన్షన్ ఇక్కడ అక్కర్లేదు. ఇక్కడ వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువభాగం ఒకే కారణంతో వస్తాయి. ప్రయాణమంతా పెద్దవాళ్ళ టైమ్ ప్రకారం, పెద్దవాళ్ళకు పుట్టే చలీ వేడిని బట్టి నడుస్తుంది. పిల్లల ఒంటి లెక్క వేరు.

ఘాట్ రోడ్డు ఎక్కగానే వాంతులు

శృంగవరపుకోట దాటి మలుపులు మొదలయ్యాక పిల్లాడు పదేపదే ఆవులిస్తున్నా, చొల్లు ఎక్కువ కారుతున్నా, ముఖం పాలిపోయి ఊరికే పేచీ పెడుతున్నా వాంతి రాబోతోందని అర్థం. కళ్ళ ముందు సీటు కదలకుండా కనిపిస్తుంటే, లోపలి చెవికి మాత్రం మలుపు మలుపూ తెలుస్తుంటుంది. ఆ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది.

అయితే రెండేళ్ళ లోపు పిల్లల్లో ఈ తిప్పుడు తక్కువ. ఆ వయసువాళ్ళు కక్కుకున్నారంటే ముందు అనుమానించాల్సింది బయల్దేరే ముందు ఏడవకుండా పట్టిన పాల సీసాని. పాలు పట్టి గంట తిరక్కుండా ఘాట్ ఎక్కకండి. తిండి పెట్టాల్సి వస్తే ఒక ఇడ్లీ చాలు. ఫోన్ చేతికివ్వకండి, అది చూస్తే తిప్పుడు పెరుగుతుంది. అద్దం కాస్త దించి, మలుపుల్లో స్పీడు తగ్గించమని డ్రైవర్‌కి బయల్దేరేటప్పుడే చెప్పండి. మొదటి ఆవులింతకే బండి పక్కకు ఆపి ఐదు నిమిషాలు దించితే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. పెద్దవాళ్ళు వేసుకునే వాంతి మాత్రలో ముక్క విరిచి వేయడం మాత్రం ప్రమాదం. మందు కావాలంటే ఊళ్ళోనే పిల్లల డాక్టర్ని అడిగి తెచ్చుకోవాలి.

ఇదంతా ఎందుకనుకుంటే విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు ఉంది. రైలుకు అంత ఒంపులుండవు. కాకపోతే ఆ కొత్తవలస - కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నాయి. ఒక్కసారిగా చీకటి కమ్మి, చప్పుడు రెట్టింపై, దానికి తోడు బోగీ అంతా కేకలు పెడితే పిల్లలు జడుసుకుంటారు. మొదటి రెండు మూడు సొరంగాలప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు మూసి, "చీకటొచ్చింది... పోయింది!" అని ఆడిస్తే తర్వాతి సొరంగం కోసం వాళ్ళే ఎదురుచూస్తారు.

దిగేటప్పుడు గుక్కపట్టి ఏడుపు, చెవి పీక్కోవడం

అరకు నుంచి కిందికి దిగేటప్పుడు బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది. గొంతు నుంచి చెవిలోకి వెళ్ళే గొట్టం పిల్లల్లో సన్నం, జలుబు ఉంటే అది మూసుకుపోతుంది. మింగినప్పుడే తెరుచుకుంటుంది కాబట్టి దిగేదారిలో చెంచాతో నీళ్ళు పడుతూ ఉండండి. పాలు తాగే బిడ్డైతే బండి ఆపి పాలివ్వండి, నడుస్తున్న కారులో సీటు బెల్టు తీసి ఒళ్ళోకి తీసుకోవద్దు. గాలికొండ దగ్గర ఎలాగూ అందరూ ఆగుతారు, ఆ పని అక్కడ చేయండి. జలుబు బాగా ఉన్నప్పుడు ప్రయాణం వారం వాయిదా వేయడమే మేలు.

దారిలో అమ్మే వేరుశనక్కాయలు, మొక్కజొన్న పొత్తుల మీద కూడా ఒక మాట. నాలుగేళ్ళ లోపు పిల్లలకు పల్లీ గింజ, మొక్కజొన్న గింజ గొంతుకు అడ్డం పడతాయి. అందులోనూ కుదుపుల్లో అసలు పెట్టకూడదు.

రెండడుగులు వేసి కూర్చుండిపోవడం

"మొండి" అంటారు గానీ ఇందులో మొండితనం ఏమీ లేదు. రెండేళ్ళ పాపకు కాఫీ తోటలో చీమల బారు, ఎండిన మిరియపు తీగ, గుండ్రటి గులకరాయి, ఇవే కొండ. మనం చూడాలనుకునే వ్యూ పాయింట్ ఆమెకు ఏ సంబంధమూ లేని చోటు. గంటలో మీరు నడిచే దూరంలో మూడోవంతు లెక్క వేసుకుని బయల్దేరండి. చదునుగా ఉన్న మొదటి భాగం ఆమెను నడవనివ్వండి, నిలువు ఎక్కే భాగం మీరు మోయండి. "ఫలానా టైముకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరుగుతాం" అని ఇంటి దగ్గరే అనుకోవాలి. పైకి చేరాలన్న పట్టుదల పెద్దవాళ్ళది, దాని భారం మోసేది పిల్లలు.

ఎత్తుకుని దిగేటప్పుడు జాగ్రత్త. బిడ్డ బరువు వెనక ఉంటే అడుగు జారినప్పుడు వెల్లకిలా పడతాం. ముందు కట్టుకుంటే కాళ్ళ కింద రాయి కనిపించదు. చేతిలో ఒక కర్ర, ముందు నడిచే మనిషి ఒకరు ఉండాలి.

శీతాకాలపు తెల్లవారుజామున పాప ఏడుపు మానేసి మత్తుగా ఉండటం

ఈ పేజీలో జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. నవంబర్ నుంచి జనవరి దాకా వలిసె పూలు, మంచు చూడటానికి జనం కొండ మీదికి పోటెత్తుతారు. వంజంగిలో మేఘాల మీద సూర్యోదయం చూడాలంటే పాడేరు నుంచి చీకటితోనే బయల్దేరాలి. 1000 మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతాయి. దానికి తోడు మబ్బు లేని రాత్రి చల్లగాలి లోయల్లోకి దిగి నిలబడిపోతుంది. అందుకే విశాఖలో స్వెటర్ అక్కర్లేని రోజు కూడా లంబసింగిలో చేతులు కొంకర్లు పోతాయి.

కొండ ఎక్కుతున్న తండ్రికి పది నిమిషాల్లో చెమట పడుతుంది, జాకెట్ జిప్పు తీస్తాడు. వీపు మీద క్యారియర్‌లో ఉన్న పాప కదలదు, కదలని ఒంట్లో వేడి పుట్టదు. ఒళ్ళు చిన్నది కాబట్టి ఉన్న వేడీ త్వరగా పోతుంది. తండ్రి చెమటకు తగిలి ఆమె బట్టలు ముందువైపు తడుస్తాయి. క్యారియర్ పట్టీ తొడ మీద ఒత్తుకుని కాళ్ళు వేలాడుతుంటాయి. ప్యాంటు పైకి జరిగి, మేజోడుకీ ప్యాంటుకీ మధ్య నాలుగు వేళ్ళ మేర పిక్క బయటపడి మంచు గాలికి ఎర్రబడుతుంది. తలకు మంకీ క్యాప్ ఉంది కదా అని ఎవరూ అటు చూడరు.

చలి పుట్టినప్పుడు మొదట ఏడుస్తారు. ఆ ఏడుపు తగ్గి మత్తుగా, పిలిస్తే పలక్కుండా ఉంటే నిద్ర అనుకోవద్దు. చేతులు, పాదాలు పట్టుకుని చూస్తే సరిగా తెలియదు, అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చేయి పెట్టి చూడండి. అక్కడ కూడా చల్లగా ఉంటే గాలి తగలని చోటికి వెంటనే వెళ్ళి, తడి బట్టలు పూర్తిగా విప్పి, బిడ్డను మీ ఒంటికి ఆనించుకుని పైన జాకెట్, దుప్పటి కప్పండి. తెలివిగా ఉండి మింగగలిగితే గోరువెచ్చని పాలు చెంచాతో పట్టండి. పావుగంటలో చురుకుదనం రాకపోయినా, అసలు లేవకపోయినా 108కి ఫోన్ చేయండి లేదా పాడేరు ఆసుపత్రి దారి పట్టండి.

రాకుండా చూసుకోవడం సులువే. మీకంటే ఒక పొర బట్ట ఎక్కువ, లోపలి బట్ట ఆరేది, జత మేజోళ్ళు విడిగా. కాళ్ళు వేలాడకుండా మోకాళ్ళు పిరుదుల కంటే కాస్త ఎత్తులో ఉండేలా క్యారియర్ సరిచేయండి. గడ్డం ఛాతీకి ఆనకుండా మధ్యలో రెండు వేళ్ళు పట్టాలి, లేకపోతే నిద్రలో ఊపిరి ఇబ్బందవుతుంది. ప్రతి ఇరవై నిమిషాలకూ దించి ఆడించండి. నా అభిప్రాయం అడిగితే, రెండేళ్ళ లోపు బిడ్డతో సూర్యోదయం వదిలేయండి. ఎనిమిదింటికి ఎక్కినా వంజంగి వంజంగే.

రాత్రి బసలో చలి ఆగడం లేదని గదిలోకి, టెంటులోకి కుంపటి తెచ్చుకుంటారు. ఎంత చలైనా ఆ పని చేయకూడదు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వేసవిలో చెంపలు ఎర్రబడి, డైపర్ పొడిగా ఉండటం

హార్స్‌లీ హిల్స్ 1265 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి చల్లగా తగులుతుంది. ఆ చల్లగాలే మోసం చేస్తుంది, దాహం తెలియదు. ఐదారు గంటలైనా డైపర్ తడవకపోతే, కన్నీళ్ళు రాకుండా ఏడిస్తే, కళ్ళు లోపలికి పోతే ఒంట్లో నీరు తగ్గినట్టే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలోనే, అంటే పెద్ద ప్యాకెట్ పూర్తిగా లీటరు నీళ్ళలో కలిపి, చెంచాడు చెంచాడుగా పట్టండి. గడగడా తాగిస్తే వాంతి అవుతుంది. నడక ఉదయం తొమ్మిదిన్నరకల్లా ముగించండి.

తిరుమల మెట్లదారికీ ఇదే మాట. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388. దారి పొట్టిదని రెండోది ఎంచుకుంటారు గానీ అది నిలువు. బిడ్డను మోసేవాళ్ళకు అలిపిరి దారే నయం. 2023లో అక్కడ ఒక పాపను చిరుత చంపేసిన తర్వాత పిల్లలతో నడిచేవాళ్ళకు టైమ్ ఆంక్షలు పెట్టారు. కాబట్టి పొద్దున్నే ఎక్కండి, బిడ్డ చేయి వదలకండి.

వానాకాలంలో గెడ్డ (కొండవాగు) నీళ్ళు రంగు మారడం

ఇక్కడ లక్షణం బిడ్డలో కాదు, నీళ్ళలో కనిపిస్తుంది. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పైన ఎక్కడో గట్టి వాన పడిందన్నమాట. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, సామాన్లు వదిలేసి బిడ్డతో గట్టెక్కండి. చాపరాయి లాంటి చోట్ల నాచు పట్టిన బండ మీద బిడ్డను చంకన వేసుకుని అసలు నడవకండి. ఒడ్డున గిన్నెలో నీళ్ళు పోసి ఇస్తే పిల్లలకు అదే గెడ్డ.

కోతుల దగ్గర పిల్లల చేతిలో తిండి ఉండకూడదు. కోతి కరిచినా గీరినా సబ్బునీళ్ళతో పావుగంట కడిగి అదే రోజు టీకాకు వెళ్ళాలి. బండలకు పెద్ద తేనెపట్లు వేలాడే చోట పొగ పెట్టొద్దు.

ఇంటికొచ్చిన వారం పది రోజులకు జ్వరం

అప్పటికి కొండ సంగతి అందరూ మర్చిపోతారు, వైరల్ జ్వరం అనుకుంటారు. ఏజెన్సీలో మలేరియా ఉంది. కుట్టిన తర్వాత కనీసం వారానికి గానీ అది బయటపడదు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా సుమారు పది రోజులకు జ్వరంతో మొదలవుతుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, నొప్పి ఉండదు. చంకలో, గజ్జల్లో, చెవి వెనక, డైపర్ అంచు కింద వెతకండి. పెచ్చు లేకపోయినా జబ్బు లేదనుకోవద్దు.

వెళ్ళినప్పుడే నిండు చేతుల బట్టలు వేసి, గడ్డిలో చాప పరచకుండా కూర్చోబెట్టకుండా ఉంటే ముప్పు తగ్గుతుంది. దోమల క్రీమ్ ఏ వయసు నుంచి వాడొచ్చో డబ్బా మీద చూసుకుని రాయండి. పిల్లల అరచేతులకు రాయొద్దు, అవి నోట్లోకే వెళ్తాయి. రాత్రి బసలో దోమతెర కట్టండి. రెండు జబ్బులకూ మంచి మందులున్నాయి, ఆలస్యమైతేనే ముప్పు. డాక్టర్ దగ్గరికి వెళ్ళగానే, ఆయన అడిగినా అడగకపోయినా, "ఫలానా తేదీన పాడేరు వైపు వెళ్ళొచ్చామండీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ పరీక్షలు చేయిస్తారా" అని మీరే చెప్పండి.