పాత స్టోరేజ్ పాఠాలు – 5: ప్రింటర్ పోర్టు మీద జిప్ డ్రైవ్

పోయిన పాఠంలో ఐడీఈ హార్డ్‌డిస్కుల జంపర్లు, ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వడం చూశాం. ఈసారి స్కజీ (డిస్కులూ స్కానర్లూ కంప్యూటర్‌తో మాట్లాడుకునే ఒక పాత పద్ధతి) కార్డుల గురించి రాద్దామనుకున్నా గానీ వరస మారింది. కావలిలో ఆఫ్‌సెట్ ప్రెస్ నడిపిన బాబాయ్ ఒకాయన పోయిన నెల నెల్లూరు మలైకాజా డబ్బా ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఆశగా మూత తీస్తే కాజాలు లేవు, 23 జిప్ డిస్కులు ఉన్నాయి. "అబ్బాయా, పెళ్లి కార్డులు, రొట్టెల పండగ వాల్‌పోస్టర్లు, కరపత్రాలు, అన్నీ ఇందులోనే ఉండాయి. ఎట్టయినా బయటికి తియ్యి" అన్నారు. డ్రైవ్ కూడా సంచిలోనే ఉంది, నీలం రంగు డబ్బా, పారలల్ పోర్టుది, అంటే పాత ప్రింటర్లు తగిలించే 25 పిన్నుల పోర్టుది. కాబట్టి స్కజీ తర్వాత, ముందు ఇది. నిజానికి ఇదీ లోపల స్కజీయే, ఎలాగో కింద చెబుతా.

చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. పెన్‌డ్రైవ్ రాకముందు, 90ల మధ్యలో ఐయోమెగా వాళ్లు తెచ్చిన డిస్కు ఇది. పేరుకి 100 ఎంబీ, అంటే దాదాపు 70 ఫ్లాపీలు ఒక్కదాంట్లో పడతాయి. పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకం, దాని బొమ్మలు ఫ్లాపీలో పట్టవు కాబట్టి డీటీపీ సెంటర్ నుంచి ఫిల్మ్ తీసే చోటికి జేబులో వేసుకుని వెళ్లేవాళ్లు. మన వైపు ప్రెస్సుల్లో పాత బీరువా తెరిస్తే ఇవి ఇప్పటికీ దొరుకుతాయి.

మొదలుపెట్టేముందు ఒక మాట. మీకు యూఎస్‌బీ జిప్ డ్రైవ్ దొరికితే ఈ పాఠమంతా వదిలేసి అది వాడుకోండి, పెన్‌డ్రైవ్ లాగానే కనిపిస్తుంది, తలనొప్పి లేదు. ఎవరైనా పినాకిని రైలెక్కి మద్రాసు వెళ్తుంటే ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఒకసారి అడిగి చూడమనండి. దొరక్కపోతే ఇక మనకి పారలల్ పోర్టే గతి. యూఎస్‌బీ నుంచి పారలల్‌కి మార్చే కేబుల్ కొంటే సరిపోతుంది కదా అని అడగొద్దు, సరిపోదు. ఆ కేబుళ్లు ప్రింటర్ కోసం చేసినవి, జిప్ డ్రైవ్‌కి కావలసిన పోర్టు దానివల్ల రాదు. మదర్‌బోర్డు మీదే పోర్టు ఉన్న పాత మెషీన్ కావాలి. నేను వాడింది పెంటియం 3, విండోస్ 98 సెకండ్ ఎడిషన్.

ముందు కరెంటు సంగతి. ఈ డ్రైవ్‌కి 5 వోల్టుల అడాప్టర్. స్కానర్‌ది, రౌటర్‌ది పిన్ను ఇందులో చక్కగా పడుతుంది, కానీ అది 12 వోల్టులదో 9 వోల్టులదో అయితే డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది. అడాప్టర్ మీద రాసింది, డ్రైవ్ అడుగున రాసింది రెండూ చదివి పోల్చుకున్నాకే ప్లగ్గు పెట్టండి. పచ్చలైటు వెలిగితే కరెంటు అందినట్టు. ఇంకోటి, లోపల డిస్కు ఉండగా కరెంటు పోతే బటన్ నొక్కినా బయటికి రాదు. వెనక సన్నటి రంధ్రం ఉంటుంది, కరెంటు పూర్తిగా తీసేసి అందులో పేపర్ క్లిప్పు నిటారుగా దూర్చండి, వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు.

తర్వాత కేబుల్. డ్రైవ్‌తో వచ్చిన కేబులే వాడండి. 25 పిన్నులు ఉన్న ప్రతి కేబుల్లోనూ 25 తీగలు ఉండవు, కొన్నిట్లో సగం పిన్నులు ఉత్తవే. మన కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు నల్లబడి కూడా ఉంటాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిచి, ఆరాక పెట్టండి. డ్రైవ్ వెనక రెండు పోర్టులుంటాయి, ఒకటి కంప్యూటర్ వైపుకి, రెండోది ప్రింటర్‌ని గొలుసులా తగిలించుకోవడానికి. ఆ ప్రింటర్‌ని పీకి పక్కన పెట్టండి.

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పాలి. ఒక పూటంతా ఈ డ్రైవ్‌ని విండోస్ గుర్తుపట్టడానికి కావలసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని మూడుసార్లు తీసి మూడుసార్లు ఎక్కించాను, ప్రతిసారీ డివైస్ మేనేజర్‌లో దాని పక్కన పసుపు ఆశ్చర్యార్థకమే. ఆఖరికి టవర్ వెనక్కి టార్చి కొట్టి చూస్తే పోర్టుకీ కేబుల్‌కీ మధ్యలో అగ్గిపెట్టంత హార్డ్‌వేర్ లాక్ ఒకటి కూర్చుని ఉంది! అప్పట్లో భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఈ లాక్ ఉంటేనే తెరుచుకునేవి, ఆ మెషీన్ కూడా ప్రెస్సు నుంచి వచ్చిందే కాబట్టి దాన్ని ఎవరూ తియ్యలేదు. పీకి పక్కన పెట్టాను, నాలుగోసారి డ్రైవర్ జోలికి కూడా పోలేదు, రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ కనపడింది. అప్పట్నుంచి నా వరస ఒకటే: కరెంటు, కేబుల్, బయోస్, ఆ తర్వాతే డ్రైవర్. పోర్టు దగ్గరే దారి మూసుకుపోతే విండోస్‌లో ఎన్ని క్లిక్కులు కొట్టినా పలికేవాడు లేడు.

బయోస్‌కి, అంటే విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సెట్టింగులకి వద్దాం. మెషీన్ ఆన్ అవుతుండగా డిలీట్ నొక్కి లోపలికి వెళ్లండి, ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ అనే పేజీలో పారలల్ పోర్టు సంగతి ఉంటుంది. అడ్రస్ 378, ఐఆర్‌క్యూ (పోర్టు ప్రాసెసర్‌ని పిలిచే గంట నంబరు) 7 ఉంచండి. పాత ఐఎస్‌ఏ సౌండ్ కార్డు ఏదైనా అదే 7 మీద ఉంటే ఇద్దరూ కొట్టుకుంటారు, కార్డుని 5కి మార్చండి. ఇక మోడ్ అని ఒకటి ఉంటుంది, ఎస్‌పీపీ, ఈపీపీ, ఈసీపీ, లేదా ఈసీపీ ప్లస్ ఈపీపీ. ఇది అర్థం చేసుకుంటే సగం పాఠం అయిపోయినట్టే. ఈ పోర్టుని మొదట చేసింది ప్రింటర్‌కి అక్షరాలు పంపడానికి. బయటికి పోవడానికి 8 తీగలున్నాయి, లోపలికి రావడానికి మాత్రం "కాగితం అయిపోయింది", "నేను బిజీ" లాంటి కబుర్లు చెప్పే 5 తీగలే. జిప్ డ్రైవ్ వచ్చి ఈ దారిలోనే ఫైళ్లు లోపలికి తెస్తానంటే, ఒక్కో బైట్‌ని రెండు ముక్కలు చేసి, నాలుగేసి బిట్లు ఆ కబుర్ల తీగల మీదే లాక్కోవాల్సి వచ్చింది. దీన్నే నిబ్బుల్ మోడ్ అంటారు, ఎస్‌పీపీ పెడితే జరిగేది ఇదే, పనిచేస్తుంది గానీ ఎడ్లబండి. ఈపీపీలో ఆ 8 తీగలూ రెండు వైపులా నడుస్తాయి, పంపానని, అందిందని ఒకరికొకరు చెప్పుకోవడం కూడా పోర్టే చూసుకుంటుంది. కాబట్టి ఈపీపీ పెట్టండి. దాంతో మొరాయిస్తే, కాపీ మధ్యలో ఆగిపోతే, అప్పుడు ఎస్‌పీపీకి దిగండి, నిదానంగానైనా పని జరుగుతుంది. ఉత్త ఈసీపీ మాత్రం నేను వాడను.

ఇప్పుడు విండోస్ 98. డ్రైవ్‌కి ముందే కరెంటు ఇచ్చి, తర్వాత మెషీన్ ఆన్ చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో యాడ్ న్యూ హార్డ్‌వేర్ తెరిచి, అదే వెతికి పెడతానంటే వద్దని చెప్పి, లిస్టులోంచి నేనే ఎంచుకుంటా అన్న దాన్ని నొక్కండి. వచ్చిన లిస్టులో డిస్క్ డ్రైవ్స్ కోసం వెతక్కండి, అందరూ అక్కడే తప్పిపోతారు. స్కజీ కంట్రోలర్స్‌లోకి వెళ్లండి. ఎడమవైపు ఐయోమెగా, కుడివైపు ఐయోమెగా పారలల్ పోర్ట్ జిప్ ఇంటర్‌ఫేస్. ఇది విండోస్ 98తో పాటే వచ్చే డ్రైవర్, పీపీఏ3 దాని ఫైల్ పేరు, బయట ఎక్కడా డౌన్‌లోడ్ చేయాల్సిన పని లేదు. ప్రింటర్ పోర్టుకి తగిలించిన డబ్బాకి స్కజీ ఏంటని అనుమానం రావాలి మీకు. ఆ డబ్బాలో ఉన్నది స్కజీ భాష మాట్లాడే డ్రైవే, దాని పక్కన స్కజీ మాటల్ని ప్రింటర్ తీగల మీదికి ఎక్కించే చిన్న కంట్రోలర్ ఒకటి పెట్టారు. మనం ఇప్పుడు ఎక్కించింది ఆ కంట్రోలర్‌కి డ్రైవర్, డిస్కుకి కాదు. డిస్కు దాని వెనకాలే తనంతట తాను వస్తుంది.

విండోస్ సీడీ అడుగుతుంది. సీడీ గీతలు పడి చదవకపోతే సగంలో ఆగి కూర్చుంటారు, అందుకే సీడీలోని విన్98 ఫోల్డర్‌ని ముందే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోండి. రీస్టార్ట్ అయ్యాక మై కంప్యూటర్‌లో రిమూవబుల్ డిస్క్ అని కొత్త అక్షరంతో కనపడాలి. కనపడకపోతే డివైస్ మేనేజర్‌లో స్కజీ కంట్రోలర్స్ విప్పి చూడండి. ఆ పేరే లేదంటే డ్రైవర్ ఎక్కలేదు. పేరుండి పక్కన పసుపు గుర్తుంటే డ్రైవర్ ఎక్కింది, అవతలి నుంచి జవాబు రాలేదు. ఈ రెండో రోగానికి డ్రైవర్ మళ్లీ ఎక్కించడం మందు కాదు, వెనక్కి వెళ్లి కేబుల్, బయోస్ చూసుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది: మెషీన్ లేవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్లో గెస్ట్ అనే లైను. డాస్ రోజుల్లో జిప్ డ్రైవ్‌కి అక్షరం ఇచ్చేది ఆ గెస్ట్ ప్రోగ్రామే. ఇది పైకి ఎక్కి కూర్చున్న పోర్టు మీదికే పీపీఏ3 కూడా వస్తే ఒకే సీటుకి ఇద్దరు టికెట్ కొన్నట్టు అవుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ లైను పనిచేయకుండా దాని ముందు రెమ్ అని పెట్టేయండి.

ఎక్స్‌పీ అయితే తతంగం తక్కువ, కానీ ఒక టిక్కు పెట్టాలి. డివైస్ మేనేజర్‌లో ఎల్‌పీటీ1 ప్రాపర్టీస్‌కి వెళ్లి, పోర్ట్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో ఎనేబుల్ లెగసీ ప్లగ్ అండ్ ప్లే డిటెక్షన్ అనే గడి. అది ఖాళీగా ఉంటే ఎక్స్‌పీ ఈ డ్రైవ్ వైపు కన్నెత్తి కూడా చూడదు. టిక్కు పెట్టి రీస్టార్ట్ చేయండి, అంతే.

సరే, డ్రైవ్ అక్షరం వచ్చింది, ఇక డిస్కు పెట్టి ఫైళ్ల మీద డబుల్ క్లిక్ కొట్టేద్దామనిపిస్తుంది. ఆగండి. ఫ్లాపీకి మూలన రాయకుండా ఆపే బుడిపె ఉంటుంది, జిప్ డిస్కుకి అలాంటిది లేదు, రక్షణ పెట్టాలన్నా సాఫ్ట్‌వేర్‌తోనే. పేజ్‌మేకర్‌లో ఫైల్ తెరిచి పొరపాటున సేవ్ నొక్కితే పాతది పోయినట్టే. అందుకే బాబాయ్ డిస్కుల్ని నేను విండోస్‌లో తెరవలేదు. డ్రైవ్ బాగుందో లేదో చూడటానికి నా దగ్గరున్న ఖాళీ డిస్కు వరకే విండోస్ వాడాను, అసలు పని లైనక్స్‌లో.

లైనక్స్‌లో దీనికి రెండు మాడ్యూళ్లు (అక్కడి డ్రైవర్లు) ఉన్నాయి, పాత డ్రైవ్‌లకి పీపీఏ, జిప్ ప్లస్ అనే మోడల్‌కీ ఆ తర్వాత వచ్చిన 100 ఎంబీ డ్రైవ్‌లకీ ఐఎంఎం. మీదేదో తెలియకపోతే కేబుల్ కొస మీద ఆటోడిటెక్ట్ అని రాసుందేమో చూడండి, ఉంటే ఐఎంఎం. అయినా తేలకపోతే ఒకటి ప్రయత్నించి, అది డ్రైవ్ దొరకలేదంటే దాన్ని దించేసి రెండోది, నష్టమేమీ లేదు. రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) మోడ్‌ప్రోబ్ కమాండ్ కొట్టి ముందు పార్‌పోర్ట్ పీసీ, తర్వాత పీపీఏ లేదా ఐఎంఎం ఎక్కించండి. లైనక్స్ తన కబుర్లు చూపించే డీమెసేజ్‌లో ఐడీ 6 దగ్గర డివైస్ దొరికిందని, ఏ మోడ్‌లో మాట్లాడుతోందో కూడా రాస్తుంది. అక్కడ ఈపీపీ అని కనపడితే మీరు బయోస్‌లో చేసిన పని ఫలించినట్టు.

ఇప్పుడు డిస్కు మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే బిట్టు బిట్టూ అచ్చం నకలుగా తీసుకోండి. మౌంట్ చేయకుండానే, అంటే లోపలి ఫోల్డర్లు తెరవకుండానే. నేను జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడతాను, ఎందుకంటే చెడిపోయిన చోటు తగిలితే దాన్ని వదిలి ముందుకెళ్లి, బాగున్నదంతా తీసుకున్నాకే మళ్లీ వెనక్కి వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. పని అయ్యాక ఇమేజ్ సైజు చూడండి, సరిగ్గా 10,06,63,296 బైట్లు ఉండాలి. 512 బైట్ల సెక్టార్లు 1,96,608. అంటే కంప్యూటర్ లెక్కలో 96 ఎంబీయే, నాలుగు ఎంబీ ఎవరో కాజేశారని కంగారు పడకండి.

ఆ ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసేటప్పుడు ఒక విచిత్రం. పీసీ కోసం ఫార్మాట్ చేసిన జిప్ డిస్కులో పార్టిషన్ 1 ఉండదు, నేరుగా 4 ఉంటుంది. అందుకని లైనక్స్‌లో జిప్ డ్రైవ్ ఎస్‌డీఏ అనే పేరుతో వస్తే, ఎస్‌డీఏ1 కోసం వెతికి డిస్కు ఖాళీ అనుకోకండి, ఎస్‌డీఏ4 చూడండి. ఇమేజ్ ఫైలైతే ఆ పార్టిషన్ మామూలుగా 32వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, ఆఫ్‌సెట్ (ఎన్ని బైట్లు దాటి మొదలెట్టాలో, 32 × 512) 16384 ఇవ్వండి. ఏ పార్టిషనూ కనపడకపోతే మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన డిస్కేమో చూడండి, ప్రెస్సుల్లో అవీ తిరిగేవి.

ఇదంతా జరుగుతున్నప్పుడు చెవి డ్రైవ్ మీదే ఉండాలి. మామూలు గరగర పరవాలేదు. టక్... టక్... టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే డిస్కు బయటికి తీసేయండి. క్లిక్ ఆఫ్ డెత్ అని దీనికి పేరు కూడా ఉంది. డిస్కుని చదివే హెడ్లు దెబ్బతిన్న డ్రైవ్ మంచి డిస్కుని పాడు చేయగలదు, అంచు చిరిగిన డిస్కు మంచి డ్రైవ్‌ హెడ్లని లాగేయగలదు, అంటే రోగం రెండు వైపులా అంటుకుంటుంది. "ఈ డ్రైవ్‌లో రాలేదు, ఆ డ్రైవ్‌లో పెట్టి చూద్దాం" అన్నారంటే రెండు డ్రైవులూ పోగొట్టుకుంటారు. బాబాయ్ డబ్బాలో అలాంటివి రెండు తగిలాయి, వాటి మీద ఎర్ర స్కెచ్చుతో ఇంటూ పెట్టి విడిగా ఉంచాను. తక్కిన 21 ఇమేజ్‌లు వచ్చాయి.

మొదటి ఇమేజ్‌లోంచి ఒక పెళ్లి కార్డు టెక్స్ట్ ఫైల్ తెరిచి చూపిస్తే బాబాయ్ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏందబ్బా ఇది, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉండాయి, డిస్కు చెడిపోయినట్టుందే" అన్నారు. చెడిపోలేదు. అది యూనికోడ్ రాకముందు ఫాంటుతో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు మెషీన్‌లో లేకపోతే అలాగే కనపడుతుంది. వచ్చే పాఠం దాని మీదే. ఈలోగా మీ దగ్గరున్న పాత మెషీన్ నుంచి విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోండి, దాన్ని ఫార్మాట్ మాత్రం చేయకండి.