మళ్ళీ మళ్ళీ వదులైన ఆల్టర్నేటర్ బోల్టు

మా కారులో ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) బ్రాకెట్ బోల్టు ఎంత బిగించినా కొన్నాళ్ళకే వదులయ్యేది. బెల్టు కీచుమనేది, డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలిగేది. ఇలాంటప్పుడు చాలామంది ఇంకా గట్టిగా తిప్పేస్తారు; అల్యూమినియం భాగాల్లో థ్రెడ్ (బోల్టు పట్టుకునే మర) పోయేది అలాగే.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, బోల్టు పూర్తిగా విప్పి చూశాను. బ్రాకెట్ ఆనే చోట తుప్పు, పాత పెయింటు. అసలు కారణం అదే. ఇంజిన్ అదురుకి ఆ పొర నలిగి పల్చబడే కొద్దీ బోల్టు పట్టు సడలుతుంది. పైగా థ్రెడ్ నిండా ఆయిల్.

రెండు ముఖాలనీ మెరిసేదాకా గీకి, రంధ్రాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాను. కొత్త బోల్టుకి నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) రాసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే, అంటే అందులో చెప్పినంత బలంతోనే బిగించాను. ఎర్రది మాత్రం వద్దు, తర్వాత విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ దాకా పెయింటుతో ఒక గీత గీశాను. బోల్టు తిరిగితే గీత విడిపోయి కనిపిస్తుంది. ఇంతవరకూ కదల్లేదు.