బత్తాయి రైతుల గ్రూపులో సలహాకు ఒక తీరు, ఎరకు ఒక తీరు

నల్గొండ జిల్లాలో కనగల్, గుర్రంపోడు, నిడమనూరు, పెద్దవూర మండలాల వైపు బత్తాయి రైతుల వాట్సాప్ గ్రూపులు చాలానే నడుస్తున్నాయి. ఒక గ్రూపులో మూడు నాలుగు వందల మంది ఉన్నా రోజూ మాట్లాడేది పది పదిహేను మందే. మిగిలినవారు చదివి ఊరుకుంటారు. కొత్తగా చేరిన వ్యక్తి ఒక మాట అన్నప్పుడు ఆ పదిమంది ఎట్లా జవాబిచ్చారో చూసే, చదివి ఊరుకునేవారు రేపు తాము నోరు విప్పాలో వద్దో నిర్ణయించుకుంటారు. అలాంటి గ్రూపులో ఏళ్లుగా ఉంటూ, ఇవ్వకూడని జవాబులు కూడా కొన్ని ఇచ్చిన అనుభవంతో, ఆ పదిమంది కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది, వచ్చిన మాట సలహానా, ఎరనా అన్నది. కావాలని రెచ్చగొట్టేవారిని ట్రోల్ అనడం 1990ల నాటి యూజ్‌నెట్ చర్చాబృందాల్లో వాడుకైంది. పడవ వెనుక ఎర కట్టిన గాలాన్ని నీటిలో ఈడ్చుకుంటూ పోయే చేపల వేటకు కూడా ఇంగ్లీషులో అదే పేరు. ఆ వేటగాడికి ఏ చేప పడిందన్న పట్టింపు ఉండదు, ఏదో ఒకటి కొరికితే చాలు. కాబట్టి మాటలోని కోపాన్ని, వెటకారాన్ని పక్కన పెట్టి మరొకసారి చదవాలి. "మీ గ్రూపుల అన్ని ఒట్టి ముచ్చట్లే, ఒక్కనికన్న తోట ఉన్నదా?" అన్న మాటలో వెటకారం తీసేస్తే ఏమీ మిగలదు, అది ఎర. "ఏండ్ల సంది సూటు గురించి మొత్తుకుంటున్రు, ఒక్కడన్న తక్‌పట్టీలు ముందర వెట్టి అడిగిండా?" అన్న మాట అంతకన్నా ఘాటుగా ఉన్నా, ఘాటు తీసేసిన తర్వాత చేయదగిన పని ఒకటి మిగులుతుంది. తూకంలో సూటు పేరిట టన్నుకు ఇన్ని కిలోలని కోసేస్తున్నప్పుడు, తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలన్నీ ఒకచోట చేర్చి లెక్క తీయమని ఆ మాట చెబుతున్నది.

ఆ రెండో మాటకు నేనిచ్చిన జవాబు, "నువ్వెన్ని టన్నులు అమ్మినవ్ తమ్మీ?" అని. ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. తన తండ్రి మూడేళ్ల తక్‌పట్టీలను ఆ పిల్లవాడు ముందే వరుసగా పేర్చుకుని, లెక్క కట్టుకుని ఉన్నాడని తరువాతి సీజన్‌లో ఒక పెండ్లిలో తెలిసింది. ఆ లెక్క గ్రూపుకు ఎన్నడూ రాలేదు. ఎరను సలహా అనుకుని మోసపోవడం కంటే, సలహాను ఎర అనుకుని తరిమేయడమే మా వంటి పాతవారు ఎక్కువగా చేసే తప్పని అప్పటి నుంచి నా నమ్మకం.

సలహా అని తేలిన తర్వాత మొదటి జవాబు ప్రశ్నగా ఉండాలి, అయితే ఆ ప్రశ్న మనిషి మీదికి పోకుండా తోట మీద నిలవాలి. చెట్ల వయసెంత, నేల చెల్కనా నల్లరేగడా, నీళ్లు డ్రిప్పుతో ఇస్తున్నారా పాదులకు పారిస్తున్నారా, పూత కోసం నీళ్లు ఆపి చెట్లను ఎప్పుడు బెట్టకు వదిలారు అన్న నాలుగు సంగతులు తెలియకుండా బత్తాయిలో ఏ సలహా మంచిదో చెప్పడం సాధ్యం కాదు. నల్లరేగడిలో నెల రోజులకు పైగా బెట్టను తట్టుకున్న తోటను చూసి, చెల్కలో కూడా అన్ని రోజులే నీళ్లు ఆపమని ఒకరు చెబితే, ఆయన అబద్ధం చెబుతున్నట్టు కాదు. తన నేల సంగతి చెబుతున్నాడు. "అన్నా, మీది ఏ నేల?" అని అడిగితే ఆ సలహాకు హద్దు దానంతట అదే తేలుతుంది, చెప్పినవారి ముఖం కూడా చిన్నబోదు.

ఇంతకుముందే ప్రయత్నించి విడిచిన పని అయితే, ఎవరు చేశారో, ఏమైందో చెప్పాలి. "అదంతా మాకు తెలుసు" అనడం జవాబు కింద రాదు. నచ్చిన సలహాను ఎవరైనా పాటిస్తే, కాయ కోతకు వచ్చినప్పుడు ఫలితాన్ని తిరిగి గ్రూపులో రాయడం పాతవారి బాధ్యత; దీన్ని మనలో చాలామంది మరిచిపోతాం. కాయ తొక్క మీద మచ్చలు తెచ్చే మంగు గురించి ఎప్పుడో ఇచ్చిన సలహాను గుర్తుపెట్టుకుని "నువ్వు చెప్పినట్టు చేసిన, కింది కొమ్మలకు మంగు తగ్గింది, పైకొమ్మలకు తగ్గలేదు" అని రాస్తే, సలహా ఇచ్చిన వ్యక్తి ఇక ముందు జాగ్రత్తగా, ధైర్యంగా మాట్లాడుతాడు.

ఒక్క రకం సలహా విషయంలో మాత్రం నిదానం పనికిరాదు. మందు మోతాదు తప్పుగా వస్తే వెంటనే, అందరూ చూసేటట్టు సరిచేయాలి. పది లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అని ఒకరు చెప్పిన మాట, చేతులు మారేసరికి లీటరుకు 30 గ్రాములు కావడం నేను చూశాను. పంపు లెక్క, లీటరు లెక్క కలిసిపోయే చోట ఇది తరచుగా జరుగుతుంది. అప్పుడు "లీటరుకు 3 గ్రాములు. డబ్బా మీది చీటీ చూడండి" అని రెండు ముక్కల్లో రాసి, తప్పు రాసిన వ్యక్తికి విడిగా ఫోన్ చేసి ఆ సందేశాన్ని తీసేయమని చెప్పాలి. పంపిన పదిహేను నిమిషాల లోపైతే ఆయనే దాన్ని దిద్దుకోవచ్చు. ఆ సమయం దాటితే అడ్మిన్ తొలగించవచ్చు. తప్పు సందేశం అలాగే ఉండి దిద్దుబాటు దాని కింద ఉంటే, రేపు ఎవరో పైదాన్నే ముందుకు పంపుతారు. తేలని మోతాదు సంగతులను కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడిగి రాయడం మంచిది.

ఇక ఎరల సంగతి. నిజమైన ఎరకు గ్రూపు మొత్తం మీద ఒకే ఒక్క జవాబు చాలు, అది కూడా అవసరమైతేనే. "తోటలున్నవాళ్లం ఉన్నం, కాయ సంగతి అడుగు, చెప్తం" అని ఒకరు అన్న తర్వాత మిగిలినవారు ఆగిపోవాలి. ఆగడం చాలా కష్టమైన పని, ఎందుకంటే రాత్రి అన్నం తిని ఫోన్ పట్టుకున్న ప్రతి ఒక్కరికీ తన దగ్గర ఒక పదునైన మాట ఉన్నట్టు అనిపిస్తుంది. పదిమంది పది మాటలంటే, మొదటి మాట అన్నవాడు పక్కకు పోయి, బావమరుదులిద్దరు పాత గెట్టు పంచాయితీ తవ్వుకోవడం దగ్గర అది తేలుతుంది. అందుకని రోజూ మాట్లాడేవారు నలుగురు ముందే ఒక ఒప్పందానికి రావాలి: ఒకరు జవాబు చెబితే మిగతా ముగ్గురు నవ్వు బొమ్మ కూడా పెట్టకూడదు. నవ్వు బొమ్మ కూడా చేప కొరికినట్టే.

ధరల పుకారు ఎరలలో ప్రత్యేకమైనది. "రేపటి నుంచి ఢిల్లీకి లోడు పోదు, టన్ను సగానికి పడిపోయింది" అన్న సందేశం వస్తే తిట్టుకు దిగకుండా, ఏ మార్కెట్, ఏ తేదీ, తక్‌పట్టీ ఫోటో ఏది అని అడగాలి. సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒకే చోటికి పంపే వీలుంది. చీటీ రాకపోతే సాయంత్రానికి "ఆధారం రాలేదు" అని ఒక్క మాట రాసి వదిలేయాలి. తోట గుత్తకు అడగడానికి వచ్చే వ్యాపారి చేతిలో ఈ పుకారు ఎట్లా పనిచేస్తుందో బత్తాయి రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

అడ్మిన్ ఒక్కరే మాట్లాడేటట్టు గ్రూపును మూసే సౌకర్యం 2018 నుంచి ఉన్నది. గొడవ రాజుకున్న రాత్రికి అది పనికివస్తుంది. వారం రోజులు అట్లాగే ఉంచితే మాత్రం మంగు ఫోటో పెట్టి అడగదలచిన రైతు వేరే గ్రూపు చూసుకుంటాడు. అడ్మిన్‌లు అతిగా భయపడడానికి ఒక కారణం, సభ్యుడు ఏది పెట్టినా కేసు తమ మీదికే వస్తుందన్న ప్రచారం. ఇతరులు పెట్టిన సందేశానికి, కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు తీర్పులిచ్చాయి. గ్రూపుల్లో తరచూ బెదిరింపుగా వాడే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టివేసింది.

అయితే బెదిరింపులు, ఆడవారి ఫోటోలు, కులం పేరిట తిట్లు, డబ్బు మోసం ఎర పరిధిలోకి రావు. వాటి ముందు మౌనం పాటించకూడదు. ముందుగా తేదీ, నంబరు కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాతే సందేశాన్ని తొలగించాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆడవారిని వేధిస్తే పోలీసుల షీ టీమ్స్‌కు తెలియజేయాలి. బాధపడిన వ్యక్తిని అడగకుండా ఆ స్క్రీన్‌షాట్‌ను ఇంకెక్కడా పంచకూడదు.

గ్రూపు నుంచి తీసేసిన వ్యక్తిని మళ్లీ చేర్చే పని కూడా పాతవారిదే. మన వైపు తీసేసిన మనిషి ఎక్కడికీ పోడు. హాలియా అంగడిలో, ఎరువుల దుకాణం ముందర, ఎవరి ఇంటి పెండ్లి బంతిలోనో ఎదురవుతాడు. కాయ కోతలు ముగిసిన తర్వాత, తీసేసిన అడ్మిన్ కాకుండా అతనికి దగ్గరివారెవరైనా పోయి "కాకా, మళ్ల కలుపుతున్నం" అని చెప్పి చేర్చాలి. చేరిన రోజు పాత గొడవ ఊసెత్తకుండా, అతని తోటలో బోరు నీళ్లు ఈ ఎండాకాలం ఎట్లున్నాయో గ్రూపులోనే అడగాలి. తక్‌పట్టీల పిల్లవాడు తనంతట తానే పోయాడు కాబట్టి అతని దగ్గరికి నేనే పోవలసి వచ్చింది. పోయిన నెల అతను మళ్లీ చేరాడు, ఇంకా ఏమీ రాయలేదు.