ప్రాచీన శాసనాల్లో పేర్లు చిక్కుపెట్టినప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: మూలంలోని పేరుకూ శాసనంలోని పేరుకూ పోలిక కనిపించదు.

అశోకుని 13వ శిలాశాసనం ఐదుగురు గ్రీకు రాజులను పేర్కొంటుంది. ఈ శాసనాన్ని వేర్వేరు చోట్ల రాళ్లపై చెక్కారు. వాయవ్యాన, నేటి పాకిస్థాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ ప్రతిలోని "తురమయె"ను చూడగానే గ్రీకుల ప్తొలెమాయొస్, అంటే టాలెమీ, ఎవరికీ స్ఫురించడు.

కారణం: పేరును సాధారణంగా అనువదించరు, విన్నవారు తమ భాషలోని ధ్వనులతో దాన్ని మళ్లీ కట్టుకుంటారు. ప్రాకృతంలో పదాదిన "ప్త" నిలవదు కనుక పకారం పోయింది. "ఒస్" గ్రీకు విభక్తి ప్రత్యయం కనుక రాలిపోయింది. మరి లకారం రేఫ ఎలా అయింది? నేటి ఉత్తరాఖండ్‌లోని కాల్సీ ప్రతిలో ఇదే పేరు "తులమయె". తూర్పు మాండలికపు లక్షణాలున్న ఆ ప్రతిలో రేఫకు బదులు లకారం వస్తుంది. రాజును "లాజా" అంటారు. తూర్పు మాండలికపు మూలాన్ని "లాజా"ను "రాజా"గా దిద్దుతూ తమ పలుకుబడికి మార్చుకున్న పశ్చిమపు లేఖకులు, అదే ఊపులో పరాయి పేరులోని అసలైన లకారాన్ని కూడా దిద్దేశారని భావించడం సబబు. లేఖకుని చేతిని ఇంత దగ్గరగా చూపే అక్షరం అరుదు.

పరిష్కారం: ఒక్క పేరుతో నిర్ణయానికి రాకూడదు. అంతియొఖొస్ - అంతియోక, అలెక్సాంద్రొస్ - అలికసుదర వంటి జంటలను పక్కపక్కన పెట్టి, ఏ మార్పు మళ్లీ మళ్లీ వస్తున్నదో గమనించాలి. ఆ తరువాత కాలాన్ని సరిచూడాలి. ఇక్కడ రాజులందరూ క్రీ.పూ. 3వ శతాబ్దివారే కావడం గుర్తింపును బలపరుస్తుంది.

సమస్య: పేరు ఒక భాషది, రాత మరొక భాషది.

పశ్చిమాసియాలోని ప్రాచీన రాజ్యమైన మితన్నికి రాజు తుష్రత్త. అతని పేరు సంస్కృతానికి దగ్గరి బంధువైన ఇండో-ఆర్య భాషకు చెందినది; ఈజిప్టు ఫారోకు అతడు పంపిన లేఖల్లో అతి పొడవైనది, ఆ కుటుంబానికి చెందని స్థానిక భాష హుర్రియన్‌లో ఉంది. కారణం తేలికే: వంశంలో పేర్లు నిలిచినంత కాలం భాష నిలవదు. కాబట్టి పేరును పాత సంపర్కానికి సాక్ష్యంగానే తీసుకోవాలి. వాడుక భాషను పాఠంలోని వ్యాకరణం నుంచే తేల్చాలి.

సమస్య: రెండు పేర్లలో ఒకే ధ్వనికి వేర్వేరు గుర్తులున్నాయి.

ఈజిప్టు చిత్రలిపిలో టాలెమీ, క్లియోపాత్రా పేర్లను పోల్చినప్పుడు ప, ల గుర్తులు సరిపోయాయి గానీ తకారం కుదరలేదు: మొదటిదానిలో రొట్టె గుర్తు, రెండవదానిలో చేయి గుర్తు. పోలికను వదిలేయవలసిన పని లేదు. పరాయి ధ్వనికి దగ్గరగా ఉన్న ఏ గుర్తునైనా లేఖకుడు వాడవచ్చునని గ్రహించిన ఫ్రెంచి పండితుడు షాంపోల్యోఁ, 1822లో మిగతా రాజుల పేర్లలోనూ అదే సూత్రాన్ని పరీక్షించి చూశాడు.