ఆఫీసు ఐటీని బయటి సంస్థకు అప్పగించడం ఎలా? ముందు తాళాలు, తర్వాతే సంతకం

అరవై కంప్యూటర్లు, ఒక సర్వర్, టాలీ, ఈమెయిల్, బయటి దాడులను అడ్డుకునే ఫైర్‌వాల్, నాలుగు ప్రింటర్లు. విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూటర్ అయినా, హైదరాబాద్‌లో డయాగ్నస్టిక్ సెంటర్ అయినా సరంజామా ఇంచుమించు ఇంతే. ఇంతకాలం కంప్యూటర్లు చూసే అబ్బాయి ఒకరు, ఏటా రెన్యువల్ చేసే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఒకటి కలిసి నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఆ పనంతా నెలవారీ రుసుము మీద ఒక మేనేజ్డ్ సర్వీసెస్ సంస్థకు ఇవ్వాలనుకుంటున్నారు. నిర్ణయం మంచిదే. చెడేదల్లా ఒక్క చోటే. రేటు గురించి నెల రోజులు బేరమాడతారు, పాస్‌వర్డ్‌ల అప్పగింతను మాత్రం అరగంటలో వాట్సాప్ మీద ముగించేస్తారు. అసలు కష్టమంతా 4వ దశలో ఉంది, కాబట్టి మిగతావి త్వరగా చెప్పేస్తాను.

1. జాబితా రాయండి

ఒక ఎక్సెల్ షీటు చాలు. ప్రతి యంత్రానికీ సీరియల్ నంబరు, కొన్న ఏడాది, వారంటీ ముగిసే తేదీ, వాడే మనిషి పేరు రాయండి. సాఫ్ట్‌వేర్లకు లైసెన్సుల సంఖ్య, రెన్యువల్ తేదీ. ఇంటర్నెట్ కనెక్షన్లకు కస్టమర్ ఐడీ. రెండు రోజుల పని. దీన్ని వచ్చే సంస్థ చేత చేయించకండి. వాళ్లు లెక్కపెట్టిన యంత్రాలకే మీరు బిల్లు కట్టాలి, కాబట్టి లెక్క మీ చేతిలో ఉండాలి.

2. ఏది లోపల, ఏది బయట

గొడవలన్నీ సర్వర్ దగ్గర రావు. ప్రింటర్ టోనర్, యూపీఎస్ బ్యాటరీ, వేలిముద్రల హాజరు యంత్రం, సీసీ కెమెరాల డీవీఆర్, ఎండీగారి ఇంట్లో వైఫై లాంటి వాటి దగ్గరే వస్తాయి. ఈ ఐదింటి పక్కనా "చేస్తాం" లేదా "చేయం" అని ఒప్పందంలోనే రాయించండి. సందర్భాన్ని బట్టి చూద్దామంటే మాత్రం ఒప్పుకోకండి.

రుసుము యంత్రానికి ఇంత లేదా మనిషికి ఇంత అని నెలకు స్థిరంగా ఉండాలి. వచ్చినప్పుడల్లా విజిటింగ్ చార్జీ తీసుకునే పద్ధతి వద్దు. ఆ పద్ధతిలో మీ సిస్టమ్ ఎన్నిసార్లు పాడైతే వాళ్లకు అంత ఆదాయం. స్థిర రుసుములో ప్రతి కాల్ వాళ్లకు ఖర్చే కనుక, కాల్స్ తగ్గించడానికి అప్‌డేట్లు, డిస్కుల పరిశీలన వాళ్లే ముందుగా చేసుకుంటారు. రేటు మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. కొటేషన్లు పోల్చేటప్పుడు అన్నీ పన్ను లేకుండానో, అన్నీ పన్నుతో కలిపో చూడండి. మొదటి ఒప్పందం ఒక్క ఏడాదికే. మూడేళ్లకు రాస్తే తగ్గిస్తామన్న డబ్బు వదులుకోండి.

3. ఎస్ఎల్ఏ: సేవ ఎంతసేపట్లో అందాలన్న హామీ

మూడు సంస్థలను పిలవండి. గతంలో వేరే క్లయింటుకి ఇచ్చిన నెలవారీ రిపోర్టును పేర్లు తీసేసి చూపించమనండి. చూపించలేని సంస్థ రిపోర్టులు తయారు చేయడం లేదని అర్థం.

ఎస్ఎల్ఏలో "రెస్పాన్స్" వేరు, "రిజల్యూషన్" వేరు. నాలుగు గంటల రెస్పాన్స్ అంటే నాలుగు గంటల్లో ఎవరో ఫోన్ ఎత్తుతారనే. సమస్య తీరుతుందని అందులో ఎక్కడా లేదు. గడియారం ఎప్పుడు నడుస్తుందో కూడా చూడాలి. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకూ, సోమవారం నుంచి శనివారం దాకా పని గంటలని రాసుంటే, శనివారం సాయంత్రం 5.30కి సర్వర్ ఆగితే వాళ్ల నాలుగు గంటలు సోమవారం మధ్యాహ్నం 12.30కి పూర్తవుతాయి. మీ బిల్లింగ్ కౌంటర్ మాత్రం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. 99 శాతం అప్‌టైమ్ (సర్వర్ ఆగకుండా నడిచే సమయం) అన్న మాటకీ ఇదే సంగతి. 30 రోజుల నెలలో 7 గంటల 12 నిమిషాలు ఆగినా అది 99 శాతమే. 99.9 శాతమైతే 43 నిమిషాలు. అందుకే శాతాల జోలికి పోకుండా, సర్వర్ ఆగితే ఎన్ని గంటల్లో నడవాలి, ఒక్కరి కంప్యూటర్ ఆగితే ఎన్ని గంటల్లో నడవాలి అని రెండు అంకెలు రాయించండి. చాలు.

4. తాళాలు చేతులు మారే దశ

ఇక్కడ తొందర పనికిరాదు. రెండు వారాలు కేటాయించండి.

మొదటి నియమం: పాత వ్యక్తి నుంచి కొత్త సంస్థకు పాస్‌వర్డ్‌లు నేరుగా వెళ్లకూడదు. పాత వ్యక్తి నుంచి మీకు రావాలి, మీరు మార్చాలి, అవసరమైనవే మీ చేతుల మీదుగా కొత్త సంస్థకు వెళ్లాలి. నేరుగా వెళ్లిపోతే మీ దగ్గర జాబితా మిగలదు, పాతవాళ్ల ప్రవేశం అలాగే ఉంటుంది, రేపు కొత్తవాళ్లతో పేచీ వస్తే మీ ఆఫీసుకు మీరే పరాయివాళ్లవుతారు. సంతకం పెట్టాక తాళాలు అడిగితే పాతవాళ్లకు ఇచ్చే తీరిక ఉండదు. వాళ్లకు చివరి బిల్లు కట్టకముందే ఈ పని పూర్తి కావాలి.

దానికి ముందు రెండు వస్తువులు సమకూర్చుకోండి. ఒకటి, కంపెనీ పేరు మీద సిమ్. అడ్మిన్ ఓటీపీలన్నీ ఆ అబ్బాయి సొంత ఫోనుకు వెళ్లే ఆఫీసులు ఎన్నో. ఆ సిమ్‌ను రీఛార్జి చేయకుండా డ్రాయర్‌లో పడేయకండి. నంబరు రద్దయి కొన్నాళ్లకు మరొకరికి వెళ్లిపోతుంది, మీ ఓటీపీలూ దానితోపాటే వెళ్తాయి. రెండోది, యజమాని ఆధీనంలో ఉండే విడి మెయిల్ ఐడీ. ఇది మీ కంపెనీ డొమైన్ (మెయిల్‌లో @ తర్వాత వచ్చే మీ పేరు) మీద ఉండకూడదు. కారణం చూడండి. డొమైన్ రెన్యువల్ మరిచారనుకోండి, డొమైన్ ఆగుతుంది, దానితో కంపెనీ మెయిల్ ఆగుతుంది. డొమైన్ అకౌంట్‌లోకి వెళ్లే లింకు అదే కంపెనీ మెయిల్‌కు వస్తుంది. తాళంచెవి గది లోపల, తలుపు బయట నుంచి మూత. అందుకే డొమైన్ అకౌంట్‌కు వేరే చోటి మెయిల్ పెట్టాలి.

ఇప్పుడు డొమైన్. ఇందులో మూడు వేర్వేరు చోట్లు ఉన్నాయి: డొమైన్ కొన్న రిజిస్ట్రార్, వెబ్‌సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే డీఎన్ఎస్ నడిచే చోటు, వెబ్‌సైట్ ఉన్న హోస్టింగ్. మూడూ ఒకటేనని చాలామంది భ్రమ. మూడింటికీ విడివిడిగా లాగిన్ అయి, యజమాని పేరు, మెయిల్, ఫోన్ నంబరు మీవేనా అని మీ కళ్లతో చూడండి. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి పేరు మీద డొమైన్ ఉంటే, అది చట్టరీత్యా మీదేనని నిరూపించుకోవడానికి పడే శ్రమకన్నా ఇప్పుడు అడిగి మార్పించుకోవడం తేలిక. డీఎన్ఎస్‌లోని రికార్డులన్నిటినీ, ముఖ్యంగా మెయిల్‌ను నడిపే ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులను స్క్రీన్‌షాట్ తీసి దాచండి. వెబ్‌సైట్ మార్చే వంకతో నేమ్‌సర్వర్లు (డీఎన్ఎస్ నడిచే చోటు) మార్చి, ఎంఎక్స్ రాయడం మరిచిపోతే మెయిల్ మొత్తం ఆగిపోతుంది. ఏది ఎలా ఉండేదో తెలిసేది ఆ స్క్రీన్‌షాట్ వల్లే.

తర్వాత మెయిల్ వ్యవస్థ. మైక్రోసాఫ్ట్ 365 అయితే గ్లోబల్ అడ్మిన్, గూగుల్ వర్క్‌స్పేస్ అయితే సూపర్ అడ్మిన్. అన్నిటి మీదా అధికారం ఉండే ఈ స్థాయి ఖాతాలు రెండు మీ దగ్గరే ఉండాలి. రోజువారీ పనికి వాడకూడదు. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, లాకర్‌లో ఉంచండి. రెండో అంచె ధ్రువీకరణకు ఒక్కో ఖాతాకు ఒక్కో యూఎస్‌బీ సెక్యూరిటీ కీ కొనండి. కొత్త సంస్థ ఇంజినీర్లకు విడివిడిగా, వాళ్ల పేర్లతోనే ఖాతాలు ఇవ్వండి. అందరూ కలిసి వాడే "అడ్మిన్" అనే ఒకే ఖాతా ఇస్తే, రాత్రి 11 గంటలకు ఎవరు ఏది తొలగించారో ఏ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చెప్పదు. పాస్‌వర్డ్ మార్చడం, కొత్త ఉద్యోగికి మెయిల్ తెరవడం వంటివాటికి గ్లోబల్ అడ్మిన్ అక్కర్లేదు, దానికంటే చిన్న హోదాలే సరిపోతాయి. అది లేకపోతే పని జరగదని ఎవరన్నా అంటే, ఏ పని జరగదో మెయిల్‌లో రాసి పంపమనండి.

ఫైర్‌వాల్ సీరియల్ నంబరు తయారీ కంపెనీ పోర్టల్‌లో ఎవరి అకౌంట్ మీద రిజిస్టర్ అయిందో అడగండి. పెట్టె మీ రాక్‌లో ఉన్నా, రిజిస్ట్రేషన్ అమ్మినవాళ్ల అకౌంట్‌లో ఉంటే లైసెన్సు రెన్యువల్‌కు వాళ్ల దగ్గరకే వెళ్లాలి. టాలీ లైసెన్సుకు ముడిపెట్టిన అడ్మిన్ ఈమెయిల్ కూడా ఇంతే. సర్వర్ మార్చిన రోజున ఆ మెయిల్ లేకుండా లైసెన్సు మళ్లీ యాక్టివేట్ చేయలేరు. బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ కీ కూడా కవరులోకే. ఆ కీ పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే, తెరిచే దారి ఉండదు. యజమాని డిజిటల్ సంతకం టోకెన్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఒక్క పూటకైనా.

ఇక మార్చే రోజు. నెలలో 21 నుంచి 26 మధ్యే పెట్టాలి. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ, నెలాఖరున జీతాలు. ఈ తేదీల దగ్గర అకౌంట్స్ వాళ్ల సిస్టమ్ ఆగకూడదు. ఆ ఐదారు రోజుల్లోనూ శనివారం సాయంత్రం వద్దు. పక్కరోజు అందరూ ఆఫీసులో ఉండే మంగళ, బుధవారాల్లో సాయంత్రం మొదలుపెట్టండి.

ఎక్కువమంది పప్పులో కాలేసేది సర్వర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ దగ్గర. అది లాగిన్‌కు మాత్రమే అనుకుని మార్చేస్తారు. రాత్రి పూట నడిచే బ్యాకప్, వేళకు పనులు మొదలుపెట్టే టాస్క్ షెడ్యూలర్‌లోని పనులు, తెర వెనుక నడిచే కొన్ని సర్వీసులు అదే పాస్‌వర్డ్‌తో నడుస్తుంటాయి. మీరు మార్చాక, మళ్లీ మొదలయ్యేటప్పుడు అవన్నీ చప్పుడు చేయకుండా విఫలమవుతాయి. మూడు వారాల తర్వాత ఫైలు కావలసి వస్తేగానీ తెలియదు. జిరాక్స్ యంత్రం సెట్టింగుల్లోనూ ఇదే దాగి ఉంటుంది. స్కాన్ చేసిన కాగితాన్ని సర్వర్ ఫోల్డర్‌లో వేయడానికి ఆ యంత్రంలో ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఎక్కించి ఉంటారు. పాతదే పదేపదే పంపుతూ ఉంటే, సర్వర్ ఆ ఖాతాను లాక్ చేయవచ్చు. కాబట్టి మార్చే ముందు సర్వీసుల పట్టికలో "లాగ్ ఆన్ యాజ్" అనే నిలువు వరుస చూడండి. లోకల్ సిస్టమ్, నెట్‌వర్క్ సర్వీస్ వంటివి కాకుండా మనిషి పేరో, అడ్మినిస్ట్రేటర్ పేరో కనిపించిన ప్రతిదాన్నీ రాసుకోండి. టాస్క్ షెడ్యూలర్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్, జిరాక్స్ యంత్రం కూడా చూసి, పాస్‌వర్డ్‌తోపాటు ఈ చోట్లన్నిటా ఒకే సాయంత్రం మార్చండి. మర్నాడు పొద్దున్నే మొదట తెరవాల్సింది బ్యాకప్ రిపోర్టు.

చివరగా, పాతవాళ్లు వదిలి వెళ్లిన రిమోట్ సాఫ్ట్‌వేర్, అంటే దూరం నుంచే మీ కంప్యూటర్‌ను నడిపేది. ఎవరూ ఎదురుగా లేకపోయినా కనెక్ట్ అయ్యేలా పాస్‌వర్డ్ పెట్టిన ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ప్రతి యంత్రంలో వెతికి తీసేయండి. పాస్‌వర్డ్‌లన్నీ మార్చి దీన్ని వదిలేస్తే తాళం వేసి గొళ్లెం మరిచినట్టే.

కొత్త సంస్థ మీ యంత్రాల్లో పెట్టే రిమోట్ సాఫ్ట్‌వేర్ (ఏజెంట్) కూడా ఒక తాళంచెవే. 2021 జూలైలో కసేయా విఎస్ఏ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా, దాన్ని వాడే సేవా సంస్థల మీదుగా వెయ్యికి పైగా వ్యాపారాలకు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) చేరింది. స్వీడన్‌లో కూప్ అనే కిరాణా గొలుసు సంస్థ వందలాది దుకాణాలు మూసుకోవాల్సి వచ్చింది. దుకాణాల తప్పేమీ లేదు. మన దగ్గర 2024 జూలై చివర్లో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థలో రాన్సమ్‌వేర్ పడితే, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు కొంతకాలం ఆగాయి. అందుకే వాళ్ల రిమోట్ కన్సోల్‌కు రెండో అంచె ధ్రువీకరణ ఉందని లాగిన్ చేసి చూపించమనండి. బ్యాకప్ ప్రతుల్లో ఒకటి వాళ్ల అడ్మిన్ ఖాతాతో తొలగించలేని చోట ఉండాలి. ఈ రెండూ బేరానికి రావు.

5. ఒప్పందంలో మిగిలినవి

సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఆ 6 గంటల్లో మీకు సమయం మిగలాలంటే, సేవా సంస్థ 2 గంటల్లో మీకు ఫోన్ చేయాలని రాయించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద కూడా పని బయటికిచ్చినా బాధ్యత మీదే. రక్షణ చర్యల్లో లోపానికి జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంది. మీరు ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఆర్థిక సంస్థ) అయితే రిజర్వ్ బ్యాంక్ 2023లో ఐటీ అవుట్‌సోర్సింగ్ మీద ఇచ్చిన నిబంధనలు మీకు వర్తిస్తాయేమో మీ ఆడిటర్‌ను అడగండి.

నిష్క్రమణ షరతు కూడా ఇప్పుడే రాయాలి. మానేసేటప్పుడు 30 రోజుల సహకారం, పత్రాలన్నీ, ఖాతాలన్నీ అప్పగించాలి. చివరి నెల బిల్లు ఆ అప్పగింత పూర్తయ్యాకే.

6. మొదటి నెల

ప్రతి ఫిర్యాదూ టికెట్‌గానే (నంబరుతో నమోదయ్యే ఫిర్యాదుగా) వెళ్లాలని సిబ్బందికి గట్టిగా చెప్పండి. ఇంజినీర్ ఫోనుకు నేరుగా చేసిన కాల్ లెక్కలోకి రాదు, నెలాఖరు రిపోర్టులో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

నెల పూర్తయ్యాక బ్యాకప్ నుంచి ఒక టాలీ డేటాను వేరే కంప్యూటర్‌లో పునరుద్ధరించమనండి. ఏ తేదీదో ముందు చెప్పకండి, ఆ పూటే చెప్పండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. టాలీలో కంపెనీ డేటా తెరుచుకున్నాక మీ అకౌంటెంట్‌ను కూర్చోబెట్టి ఆ తేదీ నాటి క్లోజింగ్ బ్యాలెన్స్ సరిచూడమనండి. సరిపోయాకే మొదటి బిల్లు పాస్ చేయండి.